ఖాళీ చీటీ బొమ్మ

ఎర్లెన్‌బాఖ్, 1854 ఫిబ్రవరి 19

నా బంగారు కొండా, కాస్పర్!

నిలబడి ఉంటే కూర్చో. చేతిలో కుంచె ఉంటే కింద పెట్టు. నేనైతే గురువారం నుంచి కూర్చోలేదు. "ఆ కాళ్ళకి కాస్త సెలవివ్వు నాన్నా, రేపు కుమ్మరి సారె తిప్పాల్సినవి అవే," అని మీ చెల్లెలు ఓటీలియ గొణుగుతూనే ఉంది. దానికేం తెలుసు! కూజాల మీద నీలం పువ్వులు దిద్దుకునే పిల్లకి నాన్న గుండెలో మోగే గంటలు ఎలా వినబడతాయి!

దగ్గుబిళ్ళల కోసం మందుల కొట్టుకి వెళ్ళానురా. ట్రాప్మన్‌గారి బల్ల వెనక, జలగల జాడీకి పైన, అద్దం కట్టించిన పెద్ద అచ్చుబొమ్మ! కోట కిటికీలో నల్లబట్టలతో ఒక రాణిగారు. మొగుడు పోయినట్టుంది, పాపం. కింద చీమల్లాంటి అక్షరాలు. కూడబలుక్కుంటూ చదివితే ముందు 'కాస్పర్' వచ్చింది, దాని వెనకాలే 'ష్రోడ్' వచ్చింది. నేనరిచిన అరుపుకి జలగలు జాడీ అడుక్కి పోయాయి. బల్లకి అడ్డంగా వంగి ట్రాప్మన్‌గారిని కౌగిలించుకున్నాను. ఆయనకి మనుషులు తాకితే పడదట, నాకేం తెలుసు! ఒక ఆముదం సీసా పోయింది.

"ఈ బొమ్మ మీకెలా వచ్చిందండీ?" అన్నాను.

"కళాసంఘంవాళ్ళు పోస్టులో పంపారు. లాటరీలో నాకేం తగల్లేదు ష్రోడ్, అందుకని," అన్నాడాయన ఆముదం తుడుచుకుంటూ.

ఎంత గొప్ప మనసురా వాళ్ళది! ఏమీ తగలనివాళ్ళని ఓదార్చడానికి, అంతమంది చిత్రకారులుండగా, ఏరి ఏరి నీ బొమ్మని పట్టుకున్నారు! ఫాదర్‌గారింట్లోనూ అదేనట. బడి తనిఖీ దొరగారింట్లోనూ అదేనట. తిన్నగా ఇంటికి రాకుండా పక్కింటి హుబెర్ట్ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. వాడి కొడుకు సుంకం కచేరీలో గుమాస్తా అయ్యాడని ఆర్నెల్లుగా నా చెవులు తినేశాడు కదా. "మీవాడి సంతకం ఎన్నిళ్ళలో వేలాడుతోంది హుబెర్టూ?" అని మర్యాదగా, చాలా మర్యాదగా, అడిగాను. వాడు బంకమట్టి కలుపుతూ తలెత్తలేదు.

చొక్కా గుండీలు పట్టనంతగా ఉబ్బిపోయిన
మీ నాన్న వెండెలిన్ ష్రోడ్

మళ్ళీ రాస్తున్నా: ఆ రాణిగారి ముక్కు మీ కూనిగుండె అత్త ముక్కేగా? అత్తకి చెప్పలేదు. తెలిస్తే ఆ కిటికీలో కూర్చోబెట్టమని నీ దగ్గరికి బయల్దేరుతుంది.


డ్యూసెల్డోర్ఫ్, మార్చి 2

నాన్నకి,

ఓడిపోయినవాళ్ళ కులదైవం రాస్తున్న ఉత్తరం.

నీ సంతోషం మీద నీళ్ళు చల్లాలని లేదు గానీ, చల్లకపోతే ఊరంతా అంటుకునేలా ఉంది. కాబట్టి విను. కళాసంఘంలో జనం తలా ఒక వాటా కొంటారు. ఆ డబ్బుతో సంఘం ఏడాదికి కొన్ని రంగుల చిత్రాలు కొని, చీటీలు తీసి పంచుతుంది. చీటీ తగిలినవాడికి అసలు చిత్రం. తగలనివాళ్ళు సంఘం తలుపులు విరగ్గొట్టకుండా వాళ్ళకో అచ్చుబొమ్మ. దాన్ని ఇక్కడ 'ఖాళీ చీటీ బొమ్మ' అంటారు. ఈసారి ఆ భాగ్యం నా విధవరాణికి పట్టింది. వేలమంది దాన్ని చూసినప్పుడల్లా తలుచుకునేది నన్ను కాదు నాన్నా, తగలని లాటరీని.

బీరు దుకాణంలో నేను అడుగుపెడితే తోటి చిత్రకారులంతా లేచి నిలబడతారు. "ఏమీ దక్కనివాళ్ళారా, మీ ఊరట వచ్చింది!" అని గ్లాసులెత్తుతారు. అదీ నా కీర్తి.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ళుగా ఒక పెద్ద చిత్రం వేస్తున్నాను. 'ఓడిన రాజు తన సైన్యానికి వీడ్కోలు చెప్పుట'. గోడంత ఉంటుంది. గుర్రాలు, జెండాలు, కన్నీళ్ళు, అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. చిత్రకళాశాలలో మా ప్రొఫెసర్‌గారు చూసి "చాలా శ్రద్ధగా వేశావు" అన్నారు. చచ్చినవాడి గురించి "మంచివాడు" అన్నట్టు. ఈ వేసవిలో సంఘం దాన్ని కొంటే నేను చిత్రకారుణ్ణి. కొనకపోతే ఇక్కడ కొత్తగా ఫోటోల దుకాణం పెట్టిన పెద్దమనిషి ఒకడు నన్ను పనిలో పెట్టుకుంటానంటున్నాడు. ఫోటోల్లో పాలిపోయిన పెళ్ళికూతుళ్ళ బుగ్గలకి గులాబిరంగు పూయాలి. నవంబర్‌లో వచ్చే సెయింట్ మార్టిన్ పండగ లోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు. అక్కడ చేరితే ఇక కుంచె ముట్టేది బుగ్గలకే.

నీకు దండం పెడతాను, ఊళ్ళో డప్పు కొట్టకు. నేను జున్ను చుట్టి పంపిన కాగితాన్ని కూడా నువ్వు మెచ్చుకుంటావు. ఆ మెప్పు నాకేం చేసుకోను, చెప్పు?

కాస్పర్


ఎర్లెన్‌బాఖ్, మార్చి 12

చిత్రకారుల్లో మారాజువి, నా నాయనా!

నీ ఉత్తరం ఓటీలియ గట్టిగా చదివింది. నువ్వు లోపలికొస్తే అంతా లేచి నిలబడతారా! గ్లాసులెత్తుతారా! నేను అక్కడే ఏడ్చేశాను. "నాన్నా, అది ఎగతాళి," అంది ఓటీలియ. ఎగతాళికి ఎవడైనా లేస్తాడటే? ఎగతాళి చేసేవాడు కూర్చునే చేస్తాడు, నాకు హుబెర్ట్‌ని చూసి తెలుసు.

పైగా ఫోటోల దొర కూడా నీకోసం కాచుకుని కూర్చున్నాడా! ఒక పెళ్ళికూతురికి ఇద్దరు పెళ్ళికొడుకులు! ఎవరు దొరికినా మంచిదే అనకు కాస్పర్, నాకు ఆ గులాబిబుగ్గలవాడు నచ్చలేదు. నువ్వు చిత్రకారుడివి కావాలి. అందుకే నా బుర్ర పనిచేసింది. నవ్వకు.

నీ రాణిగారి బొమ్మ మా అందరికీ కావాలి. కొందామంటే ఎక్కడా అమ్మరట. ఓడిపోయినవాడికే ఇస్తారట. ఇంతేనా! ఓడిపోవడం మా ఊరికి చేతకాని పనా? కిందటేడు వానలకి ఆవంలో సగం కూజాలు పగిలి, మన కూజాలు కొనే ఊటనీళ్ళ కంపెనీవాడు బండి వెనక్కి తిప్పుకుపోయినప్పుడు ఎవరైనా మాకు నేర్పారా? ఆదివారం పూజ అయ్యాక కూజాలవాళ్ళ సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. "తలా ఒక వాటా కొందాం, అందరం చక్కగా ఓడిపోదాం, ఇంటికో రాణిగారిని తెచ్చుకుందాం," అన్నాను. చప్పట్లు! ఒక్క హుబెర్ట్ మాత్రం మూతి ముడుచుకుని, "ష్రోడ్ కొడుకు బొమ్మకి నా టాలర్ ఎందుకు తగలెయ్యాలి?" అన్నాడు. సాయంత్రానికి వాడే వచ్చి డబ్బు బల్ల మీద పెట్టాడు.

"ఏం హుబెర్టూ, మనసు మారిందా?"

"ఊరంతా ఓడిపోతుంటే నేనొక్కణ్ణీ ఓడిపోకుండా ఉండటానికి నాకేం తక్కువ?" అన్నాడు.

డబ్బుల సంచీ ఫాదర్‌గారి దగ్గరుంది. ఆయన కూడా ఇంకో వాటా కొన్నారు. ఉన్న రాణిగారిని వాళ్ళక్కకి ఇస్తారట.

నీ కోసం ఊరు మొత్తాన్ని ఓడించబోతున్న
మీ నాన్న


డ్యూసెల్డోర్ఫ్, మార్చి 20

నాన్నా! ఆపు! ఈ ఉత్తరం అందేసరికి సంచీ ఫాదర్‌గారి దగ్గరే ఉంటే తలుపుకి అడ్డంగా పడుకో!

ఖాళీ చీటీ బొమ్మ ప్రతి ఏడాదీ మారుతుంది! ఈ ఏడాది నా రాణి కాదు, జింకలు. ఒక మగజింక, రెండు ఆడజింకలు, పొగమంచు. వేసినవాడు నాకు బాగా తెలుసు. పదేళ్ళుగా జింకలు తప్ప ఇంకేమీ వెయ్యడు. భార్య బొమ్మ వేసినా కొమ్ములొస్తాయి. మీరంతా అంత కష్టపడి ఓడిపోతే మీ గోడలమీద నిలబడేది అవే.

ఊళ్ళో అందరికీ నిజం చెప్పు. డబ్బు వెనక్కివ్వు. నేనిక్కడ నవ్వులపాలు కావడానికి నా ప్రతిభ చాలు, మీ అందరి సాయం అక్కర్లేదు.

కాస్పర్


ఎర్లెన్‌బాఖ్, ఏప్రిల్ 9

చిరంజీవి కాస్పర్‌కి, ఈస్టర్ దీవెనలతో.

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది నాయనా. సంచీ వెళ్ళిపోయింది. ఫాదర్‌గారే బండెక్కి వెళ్ళి పోస్టాఫీసులో కట్టి, వాటా రసీదులు తెచ్చి పంచేశారు.

"ఇప్పుడు చెప్పు నాన్నా అందరికీ," అని ఓటీలియ నా వెనకే తిరుగుతోంది. చెబుదామనే వెళ్ళాను. కానీ ఆవం పేర్చి నిప్పు పెట్టాక, ఇంకా తలుపు తెరవకముందు, మనవాళ్ళ మొహాల్లో ఒక కళ ఉంటుంది చూశావూ? ఊరంతా ఆ కళతో తిరుగుతోందిరా. బండివాడి పెళ్ళాం రాణిగారి కోసం గోడకి సున్నం వేయించింది. హుబెర్ట్ మేకు కూడా కొట్టేశాడు. వంకరగా కొట్టాడనుకో, అది వేరే సంగతి. వాళ్ళతో జింకలని ఎలా అనమంటావు? నోట్లో 'జిం' దాకా వచ్చి దగ్గుగా మారిపోయింది. ట్రాప్మన్‌గారు దూరం నుంచే బిళ్ళలిచ్చారు.

నువ్వు నీ రాజుగారి సంగతి చూసుకో. ఆయన తప్పకుండా గెలుస్తాడు.

"ఓడిన రాజు కదా నాన్నా?" అంటోంది ఓటీలియ. దీని నోరు మూయించే మొగుణ్ణి ఎక్కడ వెతకను!

మీ నాన్న


డ్యూసెల్డోర్ఫ్, జూన్ 6

నాన్నకి,

నా రాజుని సంఘం కొన్నది.

పై వాక్యం రాసి కాసేపు దాన్నే చూసుకున్నాను. ఆ రోజు బీరు దుకాణంలో అందరికీ నేనే పోయించాను. ఎవడూ లేచి నిలబడలేదు. అసూయ అన్నమాట, ఎంత హాయిగా ఉందో! నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు ఫ్రావ్ ప్యూట్స్ ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనే మనిషి. ఆవిడ కూడా "సరే, ఇక ఆ గుర్రాలు నా మేడ దిగుతాయన్నమాట," అని సంతోషించింది.

మర్నాడు సంతకం పెట్టడానికి వెళితే సంఘం కార్యదర్శి నన్ను పక్కకి పిలిచాడు.

"ష్రోడ్‌గారూ, మీరు ఆ కొండల్లో జమీందారులా?"

"కాదండీ, కూజాలవాళ్ళం."

"ఒక్క ఊరినుంచి అన్ని వాటాలు మా చరిత్రలో రాలేదు. అక్కడ మీ పేరు ఇంత ఉందని మాకు తెలీదు. ప్రజల అభిరుచిని గౌరవించాలి కదా!" అని నవ్వాడు.

అర్థమైందా నాన్నా? రెండేళ్ళు నేను వేసిన గుర్రాలూ జెండాలూ కాదు, ఓడిపోవాలన్న మీ పట్టుదల నన్ను గెలిపించింది. నా కళకి తీర్పు చెప్పింది ఎర్లెన్‌బాఖ్ కూజాలవాళ్ళు, అదీ చిత్రాన్ని చూడకుండా. ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు, సంఘం కొన్నది, నువ్వు సరేసరి. ఇంతమంది మెచ్చుకున్నారు గానీ, ఆ చిత్రం బాగుందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. అడగడానికి ఒక్క మనిషీ లేడు. ఫోటోల పెద్దమనిషికి ఇంకా 'వద్దు' అనలేదు.

చీటీలు జూలై చివర తీస్తారు. ఏ బ్యాంకువాడికో తగలాలని కోరుకుంటున్నాను. వాళ్ళ హాళ్ళు పెద్దవి.

కాస్పర్


ఎర్లెన్‌బాఖ్, ఆగస్టు 27

ఒరేయ్ కాస్పర్, నా తండ్రీ, నా దేవుడా, నా కళల కొలిమీ!

గట్టిగా ఊపిరి పీల్చుకో. రాజుగారు హుబెర్ట్‌కి తగిలారు!

అవును, పక్కింటి హుబెర్ట్‌కే. ఊళ్ళో అందరూ అనుకున్నట్టే చక్కగా ఓడిపోయారు, వాడొక్కడే గెలిచాడు. ఉత్తరం రాగానే వాడి మొహం చూడాల్సింది. "నాకెందుకు తగిలింది? నేనేం పాపం చేశాను? మేకు కూడా కొట్టాను కదా!" అని వాకిట్లో నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

మిగతావాళ్ళకి గొట్టాలు వచ్చాయి. విప్పారు. జింకలు. ఊరంతా జింకలు. మన కూజాలవాళ్ళ సంఘం సమావేశంలో అంతా నా మీద పడ్డారు. బండివాడి పెళ్ళాం, "నా సున్నం ఎవరిస్తారు?" అంది. ఒకడు, "నిజాయితీగా ఓడిపోయినవాడికి ఈ దేశంలో న్యాయం లేదా?" అని బల్ల గుద్దాడు. పైవాళ్ళకి అర్జీ పెడతారట. నేను దగ్గాను.

రాజుగారు గురువారం వచ్చారు. ఎంత గొప్ప పెట్టె అనుకున్నావు! పలకలన్నీ మంచి దేవదారువి, ఒక్క ముడి లేదు. లాగిన ఎడ్లు ఎంత బలంగా ఉన్నాయో! హుబెర్ట్ గుమ్మంలో పట్టలేదు. నిలువునా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా పెడితే కాస్త వెళ్ళి ఇరుక్కుంది. లోపల వాడి పెళ్ళాం, బయట మేము. భోజనాలవేళ దాకా ఆవిడ బంగాళాదుంపల అట్లు కిటికీలోంచి అందించింది. చాలా బాగున్నాయి. చివరికి కూజాలు ఆరబెట్టే కొట్టంలోకి పట్టుకెళ్ళి, రెండు దూలాలకి తాళ్ళతో కట్టాం. తాళ్ళు కొత్తవి. ముళ్ళు నేనే వేశాను. గట్టి ముళ్ళు, భయపడకు. ఊరంతా వచ్చారు. ఫాదర్‌గారు టోపీ తీశారు. ట్రాప్మన్‌గారు అంత జనంలోనూ ఎవరికీ తగలకుండా నిలబడ్డారు. కొట్టానికి ఉత్తరం వైపు కిటికీ ఉంది, వెలుతురు బాగా వస్తుంది. తేమ తగలకుండా హుబెర్ట్ వెనక గడ్డి పెట్టాడు.

చాలా గొప్ప రోజు!

మీ నాన్న


డ్యూసెల్డోర్ఫ్, సెప్టెంబర్ 10

నాన్నకి,

పెట్టె బాగుందన్నావు. ఎడ్లు బాగున్నాయన్నావు. తాళ్ళు, ముళ్ళు, అట్లు, గడ్డి, ఫాదర్‌గారి టోపీ. ఇంత పొడుగు ఉత్తరంలో చిత్రం గురించి ఒక్క ముక్క లేదు.

నువ్వు నీ జీవితంలో మొదటిసారి నా రంగుల చిత్రం ఒకటి ఎదురుగా చూశావు. ఏం చూశావు?

మార్టిన్ పండగ దగ్గరికొస్తోంది. ఫోటోల పెద్దమనిషి నాకొక గులాబిరంగు డబ్బీ నమూనాగా పంపాడు.

కాస్పర్


ఎర్లెన్‌బాఖ్, అక్టోబర్ 29

నాయనా కాస్పర్,

ఇది నేను రాస్తున్న నాలుగో కాగితం. మొదటి మూడింటిలో నీ రాజుగారిని ఆకాశానికెత్తాను. ఓటీలియ చదివి, "బాగానే ఉంది, అన్నయ్య బుగ్గలకి రంగేసుకుంటూ చదువుకుంటాడు," అని పొయ్యిలో పడేసింది. ఆ పిల్ల నోరు చెడ్డది. చెయ్యి మంచిది.

సరే, రాస్తున్నాను. నాకు నచ్చలేదురా.

ఆ గురువారం అందరూ వెళ్ళిపోయాక కొట్టంలో ఒక్కణ్ణే నిలబడ్డాను. నీ అచ్చుబొమ్మని చూసినప్పుడు పేరు చూడగానే నాకు సంతోషం తన్నుకొచ్చింది కదా, అలాగే వస్తుందని చూశాను. రాలేదు. దగ్గరికి వెళ్ళాను, రాలేదు. వెనక్కి జరిగాను, కూజా ఒకటి పగిలింది. సంతోషం మాత్రం రాలేదు. భయమేసింది. నా కొడుకు రెండేళ్ళు కష్టపడి వేసింది చూసి నాకేమీ కావడం లేదేమిటి అని.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ రాజుగారు ఏడుస్తున్నాడు, పక్కవాళ్ళు ఏడుస్తున్నారు, గుర్రం కూడా ఏడుస్తోంది. కానీ వాళ్ళని చూస్తే తిరునాళ్ళ నాటకంలో ఫాదర్‌గారు 'ఇప్పుడు దుఃఖించండి' అనగానే మొహాలు వేలాడేసుకునే పిల్లలు గుర్తొచ్చారు. మీ అమ్మ పోయినప్పుడు మన ఇంట్లో ఎవరూ అలా లేరు. నేను కుర్చీ కాలు బాగుచేస్తూ కూర్చున్నాను, నీకు గుర్తుందో లేదో.

నాకు చదువు లేదు. నేను అనేది తప్పయితే కొట్టిపారెయ్యి. కానీ ఒక మాట. కుడివైపు కింద మూల ఒక సిపాయి ఉన్నాడు. రాజుగారు అంత గొప్ప వీడ్కోలు చెబుతుంటే, వాడు వీపు తిప్పుకుని కూర్చుని, బూటు విప్పి అందులో పడ్డ రాయి దులుపుకుంటున్నాడు. వాడికి ఇంకా ఎంత నడవాలో ఎవరూ చెప్పలేదు కాస్పర్, అది వాడి వీపులో కనబడుతోంది. వాడి మడమ కందిపోయి ఉంది. నేను నిలబడి చూస్తుంటే నా మడమ నొప్పెట్టింది. రోజూ వెళ్ళి వాణ్ణే చూస్తున్నాను. "మా ఇంటికి బాడుగకి దిగావేమిటి ష్రోడూ?" అంటున్నాడు హుబెర్ట్. అని, వాడు కూడా పక్కన నిలబడి ఆ సిపాయినే చూస్తున్నాడు. "వీడు మా తమ్ముడిలా ఉన్నాడు," అన్నాడు నిన్న. వాడి తమ్ముడు వెనకటి యుద్ధంలో ఓడిన సైన్యంతో రష్యా నుంచి నడిచొచ్చినవాడు.

ఇది చదివి నువ్వు ఆ గులాబిడబ్బీ తెరుస్తావేమోనని భయపడుతున్నాను. పోస్టులో వెయ్యకుండా రెండు ఆదివారాలు అట్టిపెట్టాను. ఇక ఆగితే నీ మార్టిన్ పండగ దాటిపోతుందని ఓటీలియ కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. ఇస్తున్నాను.

నన్ను క్షమించు. సిపాయి చాలా బాగున్నాడు.

మీ నాన్న


డ్యూసెల్డోర్ఫ్, నవంబర్ 12

నాన్నకి,

నీ ఉత్తరం పండగ ముందురోజు అందింది. ఒకసారి చదివి నీ మీద కోపంతో నది ఒడ్డున చీకటిపడేదాకా నడిచాను. రాజు, జెండాలు, రెండేళ్ళు, అన్నిటినీ ఒక కూజాలవాడు ఒక్క మాటలో పగలగొట్టాడని. తిరిగొచ్చి మళ్ళీ చదివాను. ఫ్రావ్ ప్యూట్స్ తలుపు తట్టి, "ఏమిటా నవ్వు? తాగారా?" అంది. నేను నవ్వుతున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సిపాయి సంగతి చెబుతాను. అక్కడ మొదట ఒక విరిగిన బాజా ఉండేది. ఒక మధ్యాహ్నం నాకు రాజు మీద విసుగు పుట్టి, ఎవరినీ అడక్కుండా, ఏ నిబంధనా చూడకుండా వాణ్ణి వేసేశాను. ప్రొఫెసర్ చెరిపెయ్యమన్నారు: "ఘనమైన సన్నివేశంలో మడమలేమిటయ్యా?" అన్నారు. సంఘం కమిటీ కూడా అదే అన్నది. నేను సిగ్గుపడి చెరుపుదామనే అనుకున్నాను. పెట్టె కట్టే తొందరలో మర్చిపోయాను. అదీ నా ధైర్యం.

నా చిత్రాన్ని ఇన్నాళ్ళకి చూసినవాడివి నువ్వొక్కడివే నాన్నా. మిగతావాళ్ళంతా మెచ్చుకున్నారు.

మర్నాడు ఉదయం వెళ్ళి గులాబిడబ్బీ తిరిగిచ్చేశాను. "మీకు పిచ్చి పట్టింది, చిత్రకారులకి కాలం చెల్లింది," అన్నాడు పెద్దమనిషి. అయి ఉండొచ్చు. ప్రొఫెసర్‌గారికి నమస్కారం పెట్టి, గుర్రాల నమూనా బొమ్మలు వాపసు చేసి వచ్చాను. ఆయన నా భుజం తట్టి, "చిన్నచిన్న విషయాల్లోకి జారిపోతున్నావు, జాగ్రత్త," అన్నారు. ఈసారి శ్రద్ధ గురించి ఏమీ అనలేదు. అదృష్టం.

ఇప్పుడు ఫ్రావ్ ప్యూట్స్‌ని వేస్తున్నాను. ఆవిడ బంగాళాదుంపల తొక్కు తీస్తోంది, నన్ను తిడుతోంది. కదలకుండా తిట్టమన్నాను. దానికి ఇంకో తిట్టు. రాణి కాదు, విధవ కూడా కాదు, ఆవిడ మొగుడు పొరుగు గదిలో గురక పెడుతున్నాడు. చిన్న పలక మీద వేస్తున్నాను. బాగోకపోతే రాయి. భయపడకు.

కాస్పర్


ఎర్లెన్‌బాఖ్, డిసెంబర్ 3

నా వంశోద్ధారకుడా!

నచ్చలేదు అన్న మాటకి ఇంత విలువ ఉందని తెలిస్తే నేను యాభై ఏళ్ళనుంచీ అంటూ ఉండేవాణ్ణి కదరా! నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. ఓటీలియ నా కాళ్ళ గురించి ఏమీ అనలేదు, అదీ గంతేసింది.

ఇక నేను ఊరుకోవడంలేదు. ఫాదర్‌గారి ప్రసంగం నచ్చలేదని ఆయనతోనే చెప్పాను. మధ్యలో అంతా బాగుందనీ, ముందూ వెనకా అనవసరమనీ. ట్రాప్మన్‌గారి బిళ్ళలు పనిచెయ్యవని చెప్పాను. జింకల బొమ్మలు కూడా ఒక్కొక్కరింట్లో పరిశీలించి, ఎడమ జింక ఫరవాలేదని తేల్చాను. ఊరు ఇప్పుడు నన్ను చూస్తే వీధి మారుతోంది. హుబెర్ట్ ఒక్కడే నాతో మాట్లాడుతున్నాడు. వాడి కొత్త కూజాల గురించి ఏమనుకుంటున్నానో చెప్పాక వాడూ మానేశాడు, కానీ కొట్టం తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంచాడు.

ఫ్రావ్ ప్యూట్స్‌గారికి నా నమస్కారాలు. ఇంకా తిట్టమను.

ఆనందంతో అందరికీ శత్రువైపోయిన
మీ నాన్న


ఎర్లెన్‌బాఖ్, 1855 మార్చి 4

కాస్పర్,

ఫ్రావ్ ప్యూట్స్‌గారి పలక నిన్న చేరింది. బల్ల మీద గోడకి ఆనించి పెట్టాం.

ఓటీలియ వచ్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

తర్వాత రాస్తాను. ఇప్పుడు చూస్తున్నాను.

నాన్న